గాలి, నీరు, ఒక యూరియా బస్తా

2025 వానాకాలం. భాద్రపద మాసంలో ఒక తెల్లవారుజామున, మంచిర్యాల అవతల మా ఊరి సొసైటీ గోదాము ముందు, నేను మా బాపు చెప్పులకు కాపలా కూర్చున్నాను.

ఈ మాట చదివేవారికి వింతగా తోచవచ్చు. ఆ ఏడు తెలంగాణ జిల్లాల్లో యూరియా కోసం రైతులు రాత్రుళ్ళు వరుసలు కట్టిన సంగతి పత్రికలు చూసినవారందరికీ తెలుసు. నిలబడి నిలబడి కాళ్ళు పీకినవారు తమ స్థానంలో చెప్పులు విడిచి, వేపచెట్టు కిందికి పోయి కూర్చునేవారు. కొందరు పాసుపుస్తకం పెట్టి దాని మీద రాయి ఉంచేవారు. ఆ వరుసలో మనుషులు తక్కువ, చెప్పులు ఎక్కువ. అరిగినవి, తెగి కుట్టించినవి, ఒక కాలివి రెండు వేళ్ళ దగ్గర చిరిగినవి. మా బాపువి ముప్పై ఏడో స్థానంలో ఉన్నాయి.

నిజానికి నేను ఊరికి వచ్చింది యూరియా కోసం కాదు. డెబ్భై దాటిన బాపును ఒప్పించి, ఉన్న మూడెకరాలూ కౌలుకు ఇప్పించి, ఆయననూ అవ్వనూ హైదరాబాదు తీసుకుపోదామని వచ్చాను. ఎలా మొదలుపెట్టాలో మాటలు కూర్చుకుంటూ రెండు రోజులు గడిపాను. మూడో రోజు ఈ చెప్పుల కాపలా దొరికింది.

పొద్దు పొడిచే వేళకు చేతిలోని ఫోనులో ఏదో చదువుతూ ఉంటే, బాపు చాయ్ గ్లాసు తెచ్చి ఇచ్చి, పక్కనే గొంతుకు కూర్చున్నాడు.

"ఏం జదువుతున్నవ్ బిడ్డా, గంత మునిగిపోయి?"

చెప్పాను. ఫ్రాన్సు దేశపు తీరానికి ఇరవై కిలోమీటర్ల దూరాన, సముద్రం మీద తేలే ఒక యంత్రాన్ని 2023లో పెట్టారని, పక్కనే తేలుతున్న గాలిమర నుంచి కరెంటు తీసుకుని, ఆ సముద్రపు నీటినే శుద్ధి చేసి, విడగొట్టి, అందులోంచి హైడ్రోజన్ తీశారని. దాని పేరు సీల్‌హైఫ్. ఒక మెగావాటు యంత్రం. రోజుకు నాలుగు వందల కిలోల హైడ్రోజన్ దాని గరిష్ఠ శక్తి.

బాపు కొంతసేపు ఆలోచించాడు. "గా హైడ్రోజనుతోని ఏం జేస్తరట?"

"చాలా చేయవచ్చు బాపు. అన్నిటికంటె ముందు, యూరియా చేయవచ్చు."

ఆయన ముందు నా ముఖం చూశాడు, తరువాత చెప్పుల వరుస చూశాడు. "మరి మనకు సముద్రమెక్కడిది?" అన్నాడు.

ఆ ప్రశ్నే ఈ వ్యాసం రాయించింది.

*

మా చిన్నప్పటి తెలుగు వాచకాల్లో హైడ్రోజన్‌ను ఉదజని అనేవారు. ఉదకానికి జన్మనిచ్చేది ఉదజని. ఆమ్లజని, నత్రజని, ఉదజని ముగ్గురక్కచెల్లెళ్ళలా పాఠంలో వరుసగా వచ్చేవి. వీటిలో రైతు ఎరిగినది నత్రజని ఒక్కటే. రేడియోలో పాడిపంటల కార్యక్రమం విన్న ప్రతి ఇంట్లోనూ ఆ మాట వినిపించింది. కాని నత్రజనికి కొదువ ఎప్పుడూ లేదు. మన తల మీది గాలిలో నూటికి డెబ్భై ఎనిమిది పాళ్ళు అదే. వరి మొక్క దాని నడుమనే నిలబడి ఆకలితో పసుపు బారుతుంది, తీసుకోలేక. దాన్ని మొక్క నోటికి అందించాలంటే ముందు ఉదజనితో కలిపి అమోనియా చేయాలి. ఆ అమోనియాను బొగ్గుపులుసు వాయువుతో కలిపితే యూరియా. కాబట్టి యూరియా కథ అంతా, కొంచెం తరచి చూస్తే, ఉదజని ఎక్కడినుంచి తెస్తామన్న కథ.

ఆ కథలో రెండు అధ్యాయాలు మా గోదావరిఖని పక్కనే, రామగుండంలో జరిగాయి.

బాపు సింగరేణిలో కోల్‌ఫిల్లర్. తట్టా చెమ్మస్ పట్టుకుని బాయిలోకి దిగిన తరం. నేను పెరిగింది గోదావరిఖనిలోని కార్మిక వాడలో, షిఫ్టు సైరన్ల మధ్య. సైరన్ విని అవ్వ పొయ్యి వెలిగించేది, సైరన్ విని మేము బడికి బయలుదేరేవాళ్ళం. బాపు తవ్విన బొగ్గులో కొంత కరెంటుకు పోతుందని తెలుసు. కొంత ఎరువు అవుతుందని తెలిసిన రోజు మాత్రం నాకు ఇప్పటికీ జ్ఞాపకం. నల్లటి బొగ్గు తెల్లటి యూరియా గింజలు ఎలా అవుతుందో ఊహకు అందలేదు. బాపును అడిగితే, "గది ఇంజనీర్ల పని, నువ్వు జదివి నాకు జెప్పు" అన్నాడు. చదివే సరికి కర్మాగారం మూతపడింది.

భారత ఎరువుల సంస్థ రామగుండంలో కట్టిన ఆ కర్మాగారం 1980లో ఉత్పత్తి ప్రారంభించింది. ఒరిస్సాలోని తాల్చేరు కర్మాగారానికి అది కవల. దేశంలో నాఫ్తా, గ్యాసు మీద ఎరువులు చేస్తున్న రోజుల్లో ఆ రెండూ బొగ్గు మీద చేయడానికి పుట్టాయి. బొగ్గును పిండిలా విసిరి, ఆమ్లజని, ఆవిరి కలిపి మండే కొలిమిలోకి ఊదితే, అది పూర్తిగా కాలక, కార్బన్ మోనాక్సైడు, ఉదజని కలిసిన వాయువుగా మారుతుంది. దానికి మరికొంత ఆవిరి చేర్చి ఉదజని పాలు పెంచుతారు. గమనించారా, ఆ ఉదజనిలో అధికభాగం వచ్చింది బొగ్గు నుంచి కాదు, ఆవిరి నుంచి, అంటే నీటి నుంచే. నీటిని విడగొట్టే బలాన్ని బొగ్గు ఇచ్చింది, అంతే. మన బొగ్గులో బూడిద ఎక్కువ. ఆ పద్ధతి మన నేలకు పూర్తిగా ఒదగలేదు. 1999లో ఆ కర్మాగారం ఆగిపోయింది.

ఆ తరువాత ఇరవై ఏళ్ళకు పైగా ఆ గోపురాలు అలా నిలబడే ఉన్నాయి. రైలులో పోతూ కిటికీలోంచి చూసినప్పుడల్లా, బాపు ఏదో బంధువుల ఇల్లు పాడుబడినట్టు తల తిప్పుకునేవాడు. తన బొగ్గు వెళ్ళిన చోటు కదా.

రెండో అధ్యాయం 2015లో మొదలైంది. జాతీయ ఎరువుల సంస్థ, ఇంజనీర్స్ ఇండియా, పాత భారత ఎరువుల సంస్థ కలిసి రామగుండం ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ అనే కొత్త కంపెనీని ఏర్పరచాయి. 2021 మార్చిలో వాణిజ్య ఉత్పత్తి మొదలైంది. 2022 నవంబరు 12న ప్రధానమంత్రి దాన్ని జాతికి అంకితం చేశారు. రోజుకు 2,200 టన్నుల అమోనియా, 3,850 టన్నుల యూరియా దాని సామర్థ్యం. ఈసారి బొగ్గు కాదు, సహజవాయువు. ఆ వాయువు పశ్చిమ గోదావరి జిల్లా కుంచనపల్లి దగ్గర బయలుదేరి, 360 కిలోమీటర్లకు పైబడిన గొట్టం గుండా రామగుండం చేరుతుంది.

ఈ సంగతి తెలిసిన నాటి నుంచి నాకొక చిత్రం మనసులో నిలిచిపోయింది. గోదావరి మా ఊళ్ళ పక్క నుంచి పారి సముద్రానికి పోతుంది. దాని డెల్టా దగ్గర నుంచి వాయువు గొట్టంలో ఎదురు నడిచి మా ఊరికి వస్తుంది. అంటే బాపు అడిగిన ప్రశ్నకు సగం జవాబు అప్పటికే భూమిలో పాతి ఉంది. సముద్రం మనకు లేదు, నిజమే. కాని సముద్రతీరం నుంచి మన దాకా ఒక దారి ఉంది.

*

గాలితో నీటిని విడగొట్టాలన్న ఆలోచన ఈనాటిది కాదు. డెన్మార్కులోని అస్కోవ్ అనే ఊళ్ళో పోల్ లా కూర్ అనే ఉపాధ్యాయుడు 1891లో ఒక గాలిమర కట్టాడు. గాలి వీచినప్పుడు కరెంటు వస్తుంది, వీచనప్పుడు రాదు. మరి రాత్రి బడిలో దీపాలెలా? ఆ కరెంటుతో నీటిని విడగొట్టి ఉదజనిని తొట్టిలో నిలువ చేసి, 1895 నుంచి కొన్నేళ్ళ పాటు దానితో బడిలో దీపాలు వెలిగించాడు. ఉదజనిలోకి ఆమ్లజని చొరబడినప్పుడు పేలుళ్ళు జరిగి, బడి కిటికీల అద్దాలు పలుమార్లు మార్చవలసి వచ్చిందట. పల్లెటూరి బడి పంతులు గాలిని సీసాలో దాచిన ఈ కథ నాకు చాలా ఇష్టం. అద్దాలు పగిలినా ఆయన మానలేదన్నది మరీ ఇష్టం.

మరొక కథ మన తీరానికే వచ్చి ముగుస్తుంది. 1923 ఫిబ్రవరిలో కేంబ్రిడ్జిలో జె. బి. ఎస్. హాల్డేన్ అనే ముప్పై ఏళ్ళ జీవశాస్త్రవేత్త ఒక ప్రసంగం చదివాడు. ఇంగ్లండులో బొగ్గు ఏనాటికైనా అయిపోతుంది, అప్పుడేం చేస్తాం అన్నది అందులో ఒక ప్రశ్న. దేశమంతటా వరుసలుగా లోహపు గాలిమరలు నిలుస్తాయని, గాలి మిగిలిన రోజుల్లో ఆ కరెంటుతో నీటిని విడగొట్టి, వాయువులను ద్రవంగా మార్చి పెద్ద పెద్ద తొట్లలో దాచి, గాలి లేని రోజుల్లో వాడుకుంటారని ఆయన ఊహించాడు. నాలుగు వందల ఏళ్ళ తరువాతి మాటగా చెప్పాడు. నూరేళ్ళకే జరిగింది. ఆ హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. తన శరీరాన్ని వైద్య విద్యార్థుల చదువుకు ఇమ్మని రాసిపెట్టాడు. అది వెళ్ళింది కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు. ఆ కాకినాడలోనే ఏటా పది లక్షల టన్నుల హరిత అమోనియా చేసే కర్మాగారానికి ఒక ప్రైవేటు సంస్థ 2024లో పెట్టుబడి నిర్ణయం తీసుకుంది. గాలి, ఎండల కరెంటుతో నీటిని విడగొట్టి చేసే అమోనియా అది. బొగ్గు అయిపోయాక ఏమిటని అడిగిన మనిషి చివరికి చేరిన ఊళ్ళోనే ఆయన జవాబుకు పునాదులు పడుతున్నాయి.

మన దేశానికి కూడా ఇది కొత్త కాదు. 1960ల మొదట్లో పంజాబులోని నంగల్‌లో భాక్రా జలవిద్యుత్తుతో నీటిని విడగొట్టి, ఆ ఉదజనితో ఎరువు చేశారు. ఈనాడు 'హరిత ఉదజని' అని పేరు పెట్టి కొత్తగా పిలుస్తున్నది, మా బాపు బాయిలో దిగకముందే ఈ దేశంలో పంట పొలాలకు చేరింది. తరువాత కరెంటుకు గిరాకీ పెరిగింది, నాఫ్తా, గ్యాసు చౌక అయ్యాయి, ఆ దారి మరుగున పడింది.

*

మరి సముద్రంలోనే ఎందుకు చేయాలి? చెప్పుల వరుసలో బాపు అడిగిన రెండో ప్రశ్న ఇది. "గంత దూరం పోయి ఉప్పునీళ్ళల్ల మిషిని పెట్టుడెందుకు? కరెంటునే ఒడ్డుకు తేరాదా?"

తేవచ్చు. ప్రపంచంలో సముద్రపు గాలిమరలన్నీ దాదాపు అదే చేస్తున్నాయి. కాని తీరం నుంచి దూరం పోయే కొద్దీ గాలి నిలకడగా, బలంగా ఉంటుంది. అదే కొద్దీ కేబులు ఖరీదు పెరుగుతుంది. కొంత దూరం దాటాక, కరెంటును తీగలో పంపడం కన్న వాయువును గొట్టంలో పంపడం చౌక అవుతుందన్నది లెక్క. పైగా గొట్టంలో వాయువు కొంత నిలువ కూడా ఉంటుంది, తీగలో కరెంటు ఉండదు. ఉత్తర సముద్రంలో గ్యాసు తవ్విన పాత వేదికలు, పాత గొట్టాలు ఉండనే ఉన్నాయి. గ్యాసు అయిపోతున్న చోట వాటినే ఉదజనికి వాడదామన్నది అక్కడివాళ్ళ ఆశ.

చిక్కులు తక్కువేం కాదు. ఉప్పునీటిని ఉన్నదున్నట్టు విడగొడితే క్లోరిన్ వస్తుంది, పలకలు తినిపోతాయి; కాబట్టి ముందు మంచినీరు చేయాలి. నీటిని విడగొట్టడంలో కరెంటులో సుమారు మూడో వంతు వేడిగా పోతుంది. ఉదజని అన్ని అణువుల్లోకి చిన్నది. ఉక్కులోకి చొరబడి దాన్ని పెళుసు చేస్తుంది, కాబట్టి ప్రతి పాత గొట్టమూ దానికి పనికిరాదు. అలల మీద ఊగే యంత్రం చెడిపోతే మరమ్మతు మనిషి పడవలో పోవాలి, తుపాను తగ్గే దాకా ఆగాలి. మన సముద్రంలో ఇంకా వాణిజ్యంగా ఒక్క గాలిమర తిరగడం లేదు. సముద్రపు గాలి విధానం 2015లో వచ్చింది. గుజరాత్, తమిళనాడు తీరాల్లో చెరి 500 మెగావాట్లకు 7,453 కోట్ల రూపాయల తోడ్పాటును కేంద్రం 2024 జూన్‌లో ఆమోదించింది. ఆంధ్ర తీరంలో అనకాపల్లి జిల్లా పూడిమడక దగ్గర ఎన్‌టీపీసీ వారి హరిత ఉదజని కేంద్రానికి 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. రోజుకు 1,500 టన్నుల ఉదజని దాని లక్ష్యం. సముద్రం ఒడ్డునే అయినా, దాని కరెంటు ప్రధానంగా నేల మీది ఎండా గాలుల నుంచే రావాలి.

ఇవన్నీ నేను చెబుతుంటే బాపు విన్నాడు. తరువాత ఆయన అడిగినది ఏ ఇంజనీరూ మొదట అడగడు. "అయితే ఒక్క బస్తకు ఎంత కరెంటు పడ్తది?"

*

ఆ లెక్క అక్కడే, గోదాము గోడ నీడలో, సిగరెట్ పెట్టె అట్ట మీద వేశాను. మీరూ వేసి చూడండి.

45 కిలోల యూరియా బస్తాకు సుమారు నాలుగున్నర కిలోల ఉదజని కావాలి. నీటి నుంచి ఒక కిలో ఉదజని తీయడానికి యాభై యూనిట్లకు పైన, యాభై రెండు అనుకుందాం. అంటే ఒక్క బస్తాకు 234 యూనిట్లు. యూనిటు మూడు రూపాయలకే దొరికిందనుకున్నా, కరెంటు ఖర్చే ఏడు వందలు. ఆ బస్తా సొసైటీలో రైతుకు వచ్చే ధర 266 రూపాయల 50 పైసలు. గ్యాసుతో చేసిన బస్తా అసలు ఖర్చు కూడా అమ్మే ధర కంటె ఎక్కువే, ఆ తేడా ప్రభుత్వం భరిస్తున్నది. కాని ఇది ఇంకా పెద్ద తేడా.

ఫ్రాన్సు సముద్రంలోని ఆ యంత్రం రోజంతా నిండుగా పనిచేస్తే వచ్చే నాలుగు వందల కిలోలు ఎన్ని బస్తాలకు సరిపోతాయి? ఎనభై ఎనిమిది.

"ఎనభై ఎనిమిదా? మా లైన్ల సగం మందికి సుత ఒడువయి" అన్నాడు బాపు. ఆ వరుసలో రెండు వందల జతలకు తక్కువ లేవు.

ఆ మధ్యాహ్నం రెండు బస్తాలు దొరికాక, వాటిని ఇంట్లో దింపి, బాపును బండి మీద ఎక్కించుకుని గోదావరి దాటాను. రామగుండంలో ఎన్‌టీపీసీ జలాశయాన్ని ఆయనకు చూపించాలని. దూరం నుంచే చూశాం. ఐదు వందల ఎకరాల మేర నీటి మీద సౌరఫలకాలు తేలుతున్నాయి. నాలుగున్నర లక్షల ఫలకాలు, వంద మెగావాట్లు. 2022 జూలై 1న పూర్తిగా పనిలోకి వచ్చింది. ఫలకాలే కాదు, ట్రాన్స్‌ఫార్మర్లు కూడా నీటి మీదే తేలుతాయి. అడుగున కాంక్రీటు దిమ్మెలు, వాటికి కట్టిన తాళ్ళు. నీరు పెరిగితే పైకి, తగ్గితే కిందికి. సముద్రం మీద యంత్రాన్ని తేల్చడానికి పడే పాట్లలో కొన్ని మా ఊరి చెరువులో అప్పటికే పడ్డారన్నమాట.

ఇదే సంస్థ గుజరాత్‌లోని కవాస్‌లో 2023 జనవరి నుంచి మరొక పని చేసింది. అక్కడ ఒక మెగావాటు తేలే సౌరకేంద్రం ఉంది. ఆ కరెంటుతో నీటిని విడగొట్టి, వచ్చిన ఉదజనిని ఉద్యోగుల కాలనీలో వంటకు వాడే గొట్టపు గ్యాసులో కలిపారు. నీటి మీద పుట్టిన కరెంటు, నీటి నుంచే తీసిన ఉదజని, గొట్టంలో ప్రయాణం. ఫ్రాన్సు సముద్రంలో జరిగినదానికి మన నేల మీది తమ్ముడు అది.

రామగుండంలో అట్లా చేస్తే? గట్టు పక్కన బండి ఆపి రెండో అట్టముక్క మీద లెక్క వేశాను. వంద మెగావాట్ల ఎండ కరెంటు రోజుకు సగటున ఐదు లక్షల యూనిట్లు. బస్తాకు 234 చొప్పున రెండు వేల వంద బస్తాలు. పక్కనున్న ఎరువుల కర్మాగారం నిండుగా నడిస్తే రోజుకు 85 వేల బస్తాలు. అంటే ఇలాంటి జలాశయాలు నలభై కావాలి. రాత్రీ పగలూ ఆగకుండా 840 మెగావాట్లు కావాలి; పక్కనున్న పాత థర్మల్ కేంద్రం మొత్తం సామర్థ్యం 2,600. దాదాపు మూడో వంతు.

ఆ లెక్క చూసి నేను నీరసపడ్డాను. కాని మిగిలిన రెండు లెక్కలు వేశాక కొంచెం తేరుకున్నాను.

ఒకటి నీరు. కిలో ఉదజనికి తొమ్మిది లీటర్ల నీరు విడిపోవాలి. కర్మాగారానికి కావలసిన 388 టన్నుల ఉదజనికి రోజుకు సుమారు 3,500 ఘనమీటర్లు. శుద్ధికీ చల్లార్చడానికీ పోయేది వేరు. ఆ ఫలకాల నీడ వల్ల ఆవిరి కాకుండా మిగిలే నీరు ఏడాదికి 32.5 లక్షల ఘనమీటర్లని అంచనా, అంటే రోజుకు 8,900. ఉదజనిగా విడిపోయే నీటికి రెండున్నర రెట్లు, ఆ నీడే మిగులుస్తున్నది.

రెండోది బొగ్గుపులుసు వాయువు. నీటి నుంచి ఉదజని తీస్తే అమోనియా వస్తుంది, యూరియా రాదు. యూరియాలో కార్బన్ ఉంది, నీటిలో లేదు. సముద్రం నడిమధ్య ఎంత ఉదజని చేసినా ఈ లోటు తీరదు. అందుకే దేశంలో 2025లో హరిత అమోనియాకు జరిగిన వేలాలు ఎక్కువగా మిశ్రమ ఎరువుల కర్మాగారాల కోసమే. తొలి వేలంలో కిలో 55 రూపాయల 75 పైసలు పలికింది. యూరియాకు మాత్రం పక్కన ఒక పొగగొట్టం కావాలి. కర్మాగారానికి రోజుకు కావలసినది 2,800 టన్నుల బొగ్గుపులుసు వాయువు. థర్మల్ కేంద్రం నిండుగా నడిచిన రోజున గొట్టాల గుండా వదిలేది యాభై వేల టన్నులకు పైమాటే. అందులో ఇరవయ్యో వంతు చాలు. పట్టడానికి ఖర్చుంది, పట్టే విద్య మాత్రం తెలిసినదే.

బాపుకు ఇదంతా చెప్పాను. సముద్రం మనకు లేదు, కాని సముద్రానికి లేనివి మనకు ఉన్నాయని. అమోనియా చేసే కర్మాగారం ఉంది, పొగ ఉంది, నీటి మీద ఎండ ఉంది, తీరం నుంచి గొట్టం దారి ఉంది, అన్నిటికంటె యంత్రాల మధ్య పుట్టి పెరిగిన మనుషులున్నారు.

బాపు చాలాసేపు నీటివైపు చూశాడు.

"బొగ్గు ఎరువు జేస్తమన్నరు. చేసిండ్రు. బందు వెట్టిండ్రు. గ్యాసు అన్నరు. వచ్చింది. నేను దిగిన బాయి సుత మూసిండ్రు. ఇప్పుడు గాలి, నీళ్ళు అంటున్నవ్. నువ్వు అబద్ధం జెప్తవని కాదు బిడ్డా. కాని నా ఈడుల రెండుసార్లు మూతవడ్డది జూసిన. మూడోది తెరిస్తే, గండ్ల మన పోరగాండ్లకు పనుంటదా? బస్త ధర పెరుగకుంట ఉంటదా? గీ రెండు లెక్కలు నీ అట్ట మీద లెవ్వు."

లేవు. ఆ రెండూ యూనిట్లలో, కిలోల్లో తేలే లెక్కలు కావు. పూడిమడకలో పుట్టే ఉదజని, కాకినాడలో పుట్టే అమోనియా ముందుగా ఎక్కడికి పోవాలన్నది ధర నిర్ణయిస్తుంది. కిలోకు ఎక్కువ ఇచ్చే దేశపు ఓడ ఒడ్డున నిలబడి ఉంటే, 360 కిలోమీటర్లు ఎదురెక్కి ముప్పై ఏడో చెప్పుల జత దాకా అది ఎందుకు వస్తుంది? రావాలంటే ఎవరో నిర్ణయించాలి. గ్యాసులో సగం దాకా దిగుమతి చేసుకునే దేశంలో, ఎక్కడో గల్ఫులో ఓడ ఆలస్యమైతే మంచిర్యాలలో వరి పసుపు బారుతుంది. ఆ సంకెల తెంచడానికి యూరియా బస్తాకు ఏడు వందల కరెంటు ఎక్కువా, తక్కువా? ఈ ప్రశ్నకు రసాయనశాస్త్రంలో జవాబు లేదు.

*

రాత్రి భోజనాల దగ్గర అవ్వ అడిగింది, కౌలు సంగతి మాట్లాడినవా అని. ఆమెకు ముందే చెప్పి ఉంచాను. బాపు ముద్ద ఆపి నా వైపు చూశాడు. ఆయనకూ తెలుసునన్నమాట.

నేను ఏమీ అనలేదు. పొద్దంతా ఆ మనిషికి గాలినీ నీటినీ కలిపి ఎరువు చేసే భవిష్యత్తు చెప్పి, రాత్రి నీ భూమి వదులుకో అనడానికి నోరు రాలేదు.

చివరికి ఆయనే అన్నాడు: "బాయి మూసిండ్రు, ఫ్యాక్టరీ మూసి తెరిసిండ్రు. భూమిని ఎవలు మూయలే. ఇంకో రెండేండ్లు నడవనీ."

సరే అన్నాను. ఒక షరతు పెట్టాను: వచ్చే వానాకాలం వరుసలో నిలబడేది నేనని, ఆయన కాదని. ఒప్పుకున్నాడు. "అయితే నీ చెప్పులు గట్టియి తెచ్చుకో" అన్నాడు.

మరునాడు హైదరాబాదు బస్సు గోదావరి వంతెన ఎక్కింది. నీరు నిండుగా ఉంది, ఎర్రగా సుడులు తిరుగుతూ దిగువకు పోతున్నది, మంథని మీదుగా, భద్రాచలం మీదుగా, గాలి వీచే ఆ ఒడ్డు దాకా. నేను సంచీలోంచి ఆ రెండు అట్టముక్కలూ తీసి చూశాను. వెనకవైపు ఖాళీగా ఉంది. బాపు అడిగిన రెండు ప్రశ్నలూ అక్కడ రాసిపెట్టాను. అవి ఇప్పుడు నా బల్ల మీద ఉన్నాయి. ఉదజని గురించి ఏ కొత్త వార్త చదివినా ముందు వాటివైపు చూస్తున్నాను.